రుజువమ్మ పెదవులు

"నా కూతురేమన్నా నీకు ప్రయోగాలకి దొరికిన ఎలకపిల్లా వదినా? ఇది మానిపించు, అది మొదలెట్టు, అక్కడికి పంపకు, ఇక్కడే కూచోబెట్టు. దానికి చదువెందుకు రావట్లేదో అసలు నీకే తెలీదు."

"తెలీదనేగా చెప్తున్నాను అమ్మడూ. తెలిసినట్టు మాట్లాడేవాళ్ల దగ్గరే దాని రెండేళ్లు కరిగిపోయాయి."

"అంటే మా తమ్ముడి దగ్గర."

"నేను పేరెత్తలేదు."

"ఎత్తక్కర్లేదు. ఈ ఇంట్లో పిల్లలకి పాఠం చెప్పే మగాడు వాడొక్కడే. మా అన్నయ్య చెప్తే పంపులకి చెప్పాలి."

మేడ మీద ఆరేసిన చొక్కాలు భుజాన వేసుకుని దిగుతున్న చిన్నోడు మెట్ల మలుపులో ఆగిపోయాడు. వంటింటి కిటికీ సరిగ్గా ఆ మలుపులోనే ఉంది. ఆ ఇల్లు కట్టినవాడెవడో గానీ, చాటుగా వినేవాడి సౌకర్యం బాగా చూసుకున్నాడు.

లోపలున్నది ఇద్దరు. ఒకరు చిన్నోడి అక్క, బస్సు డిపోలో టికెట్ల గుమాస్తా, పక్క వీధిలో కాపురం. రెండోవారు అన్నయ్య భార్య. అక్కాతమ్ముళ్లిద్దరికీ వదిన, రైలు గేటు అవతలి బడిలో టీచరు. గొడవంతా అక్క కూతురి గురించి. ఎనిమిదేళ్ల పిల్ల, ఒకచోట కాలు నిలవదని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకకి డిస్లెక్సియా ఉంది. కథ చెబితే పొల్లుపోకుండా అప్పజెబుతుంది, కూడికలు నోటితోనే చేసేస్తుంది, అతుకు కనపడకుండా అబద్ధమాడుతుంది. అచ్చులో ఉన్న వాక్యం ముందు పెడితే మాత్రం ఎవరో గొళ్లెం పెట్టిన తలుపు ముందు నిలబడ్డట్టు నిలబడిపోతుంది.

"వాడెంత నలిగిపోతున్నాడో తెలుసా నీకు?" అక్క గొంతు తగ్గింది. "నోటికి అన్నం ఎక్కట్లేదు వాడికి."

ఇది పచ్చి అబద్ధం. కాసేపటి క్రితమే చిన్నోడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. అయినా ఆ మాట విని అతని చెవులు కాలాయి. అక్క తిట్టినా బాగుండేది. జాలిపడిపోయింది. అదీ వదిన ముందు.

"సరే, ఒక మాట అనుకుందాం," అంది వదిన. "టర్ము ఆఖర్న బడిలో చదువుల రోజుంది. పిల్లలెవరూ ముందు చూడని పేజీ పెద్ద టీచరమ్మ ఇస్తారు. పిచ్చుక చదివితే నా దగ్గరే ఉంటుంది. చదవలేకపోతే మీ తమ్ముడి దగ్గరికే పంపు, నేను నోరెత్తితే అప్పుడడుగు. అప్పటిదాకా మాత్రం వాడి ట్యూషన్ వద్దు. రెండు మందులు కలిపి మింగిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?"

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను."

చిన్నోడు మెట్టు మీద కూలబడ్డాడు. చదవకూడదు, అనుకున్నాడు. ఆ ఆలోచన ఎంత నున్నగా వచ్చేసిందంటే, పైకి అనేశానేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. తను భుజాల మీద మోసిన పిల్ల, తన మేనకోడలు, ఆ రోజు చదవకూడదని కోరుకుంటున్నాడు. సిగ్గేసింది. సిగ్గేసినా కోరిక కదల్లేదు.

పంపుల రిపేరు నుంచి వచ్చిన అన్నయ్య గ్రీజు చేతులతో మెట్ల కింద నిలబడి పైకి చూశాడు.

"లోపల అయిందా, ఇంకా నడుస్తోందా?"

"నాకేం తెలుసు?"

"నీకు కాక ఎవరికి తెలుస్తుందిరా? సరిగ్గా కిటికీ పక్కనే కూచున్నావ్. టీ అడగొచ్చా లేదా, అదొక్కటి చెప్పు చాలు."

చిన్నోడు కాలేజీని రెండో ఏడు మధ్యలో వదిలేశాడు. ఎందుకని అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాడు. అసలు సంగతి, ఇంకొకరు చెబుతుంటే కుదురుగా కూర్చుని వినడం అతని వల్ల కాదు. తను చెబుతుంటే ఇంకొకరు వినడం మాత్రం మహా ఇష్టం. అందుకని ముందుగదిలో సోఫా ఒక మూలకి నెట్టి, గోడకి బోర్డు దిగ్గొట్టి, సాయంత్రాలు ట్యూషన్ మొదలెట్టాడు. పిల్లలు ఎగబడ్డారు. తీసివేతకి దొంగ గొంతు, భాగహారానికి మధ్యవర్తి గొంతు పెట్టేవాడు. పాఠం అయిపోయాక కూడా చెప్పులు వేసుకోవడానికి ఏడ్చే పిల్లలున్న ట్యూషన్ ఆ చుట్టుపక్కల అదొక్కటే.

పిచ్చుక ఆ గదికి మహారాణి. ఆ పిల్ల కోసం చిన్నోడు చేయని పని లేదు. నేల మీద సుద్దతో అక్షరాలు గీసి గెంతించాడు. అక్షరానికో పాట కట్టాడు. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల పారదర్శక కాగితాలు తెప్పించి పేజీ మీద పరిచాడు. అలా పరిస్తే అక్షరాలు కదలకుండా కూర్చుంటాయని ఎవరో వీడియోలో చెప్పారు. కథల పుస్తకం తీసి, తను గొంతులు మార్చి చదివి, తర్వాత పిచ్చుక చేత చదివించేవాడు. పిచ్చుక వేలు పెట్టుకుని గడగడా చదివేసేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. చిన్నోడు గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఏం పర్లేదన్నట్టు నవ్వేవాడు.

ఒకరోజు వదిన ఆ గదిలోకి టీ తీసుకొచ్చి, ఆ చదువు విని, సుద్దముక్క తీసి బోర్డు మూల మీద ఒక మాట రాసింది. గలిము.

"ఇది చదువమ్మా."

పిచ్చుక ముందు బోర్డు చూసింది. తర్వాత మామయ్యని చూసింది. ఆ తర్వాత అత్తని చూసింది. "గడియారం," అంది.

"గలిమేంటి వదినా?" చిన్నోడికి ఒళ్లు మండింది. "ఏ కొట్లో అమ్ముతారది? లేని మాట చదవలేకపోతే దానికొచ్చిన నష్టమేంటి?"

"మొదటిసారి చూసినప్పుడు దానికి ఉన్న మాటలన్నీ లేని మాటలేరా. నువ్వు చదివితే అది వింటోంది. విన్నదే అప్పజెబుతోంది. మొదటక్షరం పట్టుకుని మిగతాది ఊహించేస్తోంది. కంటికి పనే లేదు."

చిన్నోడు నవ్వుతూ కొట్టిపారేశాడు. మర్నాడు వదిన లేని సమయం చూసి, పిచ్చుకకి ఎప్పుడూ చదివి వినిపించని పుస్తకం ఒకటి ఇచ్చాడు. పిచ్చుక మొదటి పేజీ మీద బొమ్మ చూసి బ్రహ్మాండమైన కథ చెప్పింది. ఆ కథ ఆ పుస్తకంలో లేదు. చిన్నోడు ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. కానీ వదిన అక్కతో మాట్లాడి పిచ్చుకని తన బడిలో, తన గదిలో కూర్చోబెట్టుకున్నప్పుడు అడ్డం పడటానికి నోట మాట రాలేదు. ఆ రోజు నుంచే అతని కడుపులో పొయ్యి వెలిగింది.

వదినని బడిలో రుజువమ్మ అంటారు. తోటి టీచర్లు పెట్టిన పేరది, ముద్దుగా పెట్టింది కాదు. ఎవరేం చెప్పినా ఆమె అడిగే ప్రశ్నలు అవే. ఎవరు చూశారు? ఎంతమంది పిల్లల్లో చూశారు? అది చేయని పిల్లలతో పోల్చి చూశారా? డిస్లెక్సియా పోగొడతాయని రంగు కళ్లద్దాలు అమ్మడానికి ఒకాయన సూటు వేసుకుని బడికి వస్తే, ఈ ప్రశ్నలకే ఆయన మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. కొత్త సబ్బు గురించి ఊదరగొట్టిన కొట్టువాణ్ని కూడా వదల్లేదు. "సగం చొక్కా దీంతో, సగం పాతదాంతో ఉతికి చూశావా బాబూ?" అని అడిగింది. "నన్ను చేసుకునే ముందు ఎవరితో పోల్చి చూసిందో ఇప్పటిదాకా చెప్పలేదు" అని అన్నయ్య అందరి దగ్గరా వాపోతుంటాడు.

ఆమె మొదట్నుంచీ ఇలా లేదు. చాలా ఏళ్లు రెండో తరగతి చెప్పింది. రాసిందే రాయించడం ఆమె పద్ధతి, ఆ బడి మొత్తం పద్ధతి కూడా. ఒక పిల్లాడు ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీలకి పేజీలు దించేవాడు. వాడి రాత గోడకి అంటించి మురిసిపోయేది. ఒక మధ్యాహ్నం ఊరికే, వాడు రాసిన దాంట్లోంచే ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంది. వాడు ఆమె ముఖంలోకి చూశాడు. కాగితంలోకి చూశాడు. మళ్లీ ఆమె ముఖంలోకే చూశాడు. ఆమె గోడకంటించిన కాగితం పీకేసింది. "నేను బొమ్మలు గీసేవాణ్ని తయారుచేశాను, చదివేవాణ్ని తయారుచేయలేదు" అని స్టాఫ్‌రూములో అందరి ముందూ అనేసింది. అక్కడున్న వాళ్లంతా రాసిందే రాయించేవాళ్లు. ఎవరి ముఖంలోనూ నెత్తుటి చుక్క లేదు. రుజువమ్మ అన్న పేరు ఆ సాయంత్రమే పుట్టింది.

అప్పట్నుంచీ ఆదివారాలు ఆమె కాలేజీ లైబ్రరీకి పోవడం మొదలెట్టింది. అదే కాలేజీ, చిన్నోడు తలుపు విసిరికొట్టి బయటికొచ్చిన కాలేజీ. నోరు తిరగని మాటలున్న పరిశోధన కాగితాలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఏ పద్ధతిని ఏ పిల్లల మీద చూశారో, ఏది నిలబడిందో, ఏది గాలిమాటో ఏరుకుంటూ కూర్చునేది. బాగున్నాయని పేరు పడ్డవి చాలా రాలిపోయాయి. రంగు కాగితాలు పోయాయి, గెంతులు పోయాయి. చివరికి మిగిలింది చప్పటి పద్ధతి. మాటని శబ్దాలుగా విడగొట్టడం, ఏ శబ్దానికి ఏ అక్షరమో తిన్నగా చెప్పడం, తేలిక నుంచి కష్టానికి వరసగా పోవడం, నిన్నటిది ఇవాళ మళ్లీ చూడటం, పిల్ల ఊహించడానికి సందు ఇవ్వకపోవడం. లైబ్రరీ ఆయన ఆమె కోసం కిటికీ పక్క కుర్చీ ఉంచేవాడు. "మీ మరిదిగారు కులాసానా?" అని అడిగేవాడట. ఈ ముక్క వదిన ఇంటికొచ్చి మామూలుగా చెప్పింది. చిన్నోడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. తను కూర్చోలేక పారిపోయిన కుర్చీలో ఆమె కుదురుగా కూర్చుంటోంది. పైగా అతని క్షేమం అడిగించుకుని వస్తోంది.

బడి వరండా చివర విరిగిన బెంచీలు పడేసే గది ఆమెకిచ్చారు. అన్నయ్య వెళ్లి ఫ్యాను బిగించాడు. చదవలేని పిల్లలు కొందరు రోజూ కాసేపు అక్కడికి వస్తారు. ఒకరోజు ఫ్యాను కీచుమంటోందంటే అన్నయ్యకి తీరిక లేక చిన్నోడు నూనె డబ్బా పట్టుకుని వెళ్లాడు. వెళ్లాడు గానీ వెంటనే లోపలికి పోలేదు. కిటికీ ఊచల పక్కన నిలబడ్డాడు. చాటుగా నిలబడటం అప్పటికే అలవాటైపోయింది.

పిల్లలందరి చేతుల్లో చిన్న చిన్న అద్దాలున్నాయి. వదిన ముందు కూర్చుని నోరు చూపిస్తోంది.

"మ. నా పెదవులేం చేశాయి?"

"అతుక్కున్నాయి."

"న. ఇప్పుడు?"

"అతుక్కోలేదు. నాలుక పైకెళ్లింది."

"మీ అద్దంలో చూసుకోండి. పిచ్చుకా, నా నోరు చూడు, తర్వాత నీ నోరు చూసుకో."

పిచ్చుక చూస్తోంది. తన గదిలో ఒక్క క్షణం కాలు నిలవని పిల్ల, తను దొంగ గొంతు పెట్టినా సగంలో కిటికీ ఎక్కే పిల్ల, వదిన పెదవుల వంక రెప్పవేయకుండా చూస్తోంది. పాటల్లేవు, గంతుల్లేవు. ఆ పాఠం వింటే గోడ గడియారానికి కూడా ఆవలింత వస్తుంది. మరి దీనికెందుకు రావట్లేదు? చిన్నోడు నూనె డబ్బా గుమ్మంలో పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఆ వారమంతా ఫ్యాను కీచుమంటూనే తిరిగింది.

ఇంటికొచ్చినా తప్పించుకునే దారి లేదు. పిచ్చుక అన్నం తింటూ బల్ల మీద ఒక్కో శబ్దానికి ఒక్కో వేలు ఆనిస్తూ మాటలు విడగొట్టేది. బియ్యం డబ్బా మీద మాట, అగ్గిపెట్టె మీద మాట. ఒక సాయంత్రం అక్క డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తానని పిల్లని చిన్నోడి దగ్గర దింపింది. చిన్నోడు తలుపు దగ్గరగా వేసి పాత కథల పుస్తకం తీశాడు. ఒప్పందం గుర్తుంది. కథ చెప్పడం ట్యూషన్ కిందికి రాదని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. ముసలి నక్క గొంతు పెట్టాడు.

పిచ్చుక కాసేపు విని పేజీ మీద వేలు పెట్టింది. "మామయ్యా, ఇక్కడ ఇంత చిన్న మాటే ఉంది. నువ్వు అంత పెద్దది చెప్తున్నావేంటి?"

"కథ బాగుండాలి కదే."

"నువ్వు రాసింది చదవట్లేదు. అత్తకి చెప్తా."

"చెప్పు పో. మీ అత్త నన్ను జైల్లో పెట్టిస్తుంది."

నవ్వుతూనే అన్నాడు. పిల్ల కూడా నవ్వింది. తర్వాత ముందుగదిలో ఒక్కడే కూర్చుని రంగు కాగితాలు ఉండ చుట్టాడు. పారేయలేదు. మళ్లీ విప్పి, సాపు చేసి, డ్రాయరులో పెట్టుకున్నాడు. చదువుల రోజు తర్వాత పనికిరావచ్చు.

వదిన శుక్రవారాలు పిల్లలకి పరీక్ష పెట్టేది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొత్త మాటలు చూపిస్తూ, ఎన్ని చదివారో గోడ మీద చార్టులో గీత గీసేది. గీతలు పైకి పోతున్నాయి. పిచ్చుక గీత అన్నిటికన్నా ఏటవాలుగా పోతోంది. అక్క ఇప్పుడు వదిన ఎదుట గొంతు పెంచడం మానేసింది. మొన్నటిదాకా అతని అన్నం గురించి దిగులుపడ్డ అక్క, ఇప్పుడు అతను తిన్నాడో లేదో అడగట్లేదు.

చదువుల రోజు రానే వచ్చింది. వరండా చివర గదిలో తల్లిదండ్రులు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. పెద్ద టీచరమ్మ అతికించిన కవరు చింపి, ఇలాంటిదే ఇంకోటి కూడా ఉందంటూ ఒక పేజీ తీసింది. పడవలు బాగుచేసే ముసలాయన గురించి నాలుగు వాక్యాలు, కింద అర్థంలేని మాటలు కొన్ని. పేజీ ఆమే స్వయంగా రాసుకొచ్చింది. వదినక్కూడా చూపించలేదు. ఒక ప్రతి పిచ్చుక చేతికిచ్చింది, ఒకటి వదినకిచ్చింది. పిచ్చుక ఒక కుర్చీలో, వదిన ఎదుటి కుర్చీలో. అక్క చేతిసంచి రెండు చేతులతో నలుపుతోంది. చిన్నోడు తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పిచ్చుక చదవడం మొదలెట్టింది. పేజీ చూస్తుంది, తలెత్తుతుంది, మాట అంటుంది. పేజీ, తల, మాట. పెద్ద మాటల దగ్గర కూడా ఆగలేదు. గదిలో ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. అక్క కళ్లు తుడుచుకుంది. అందరూ పిల్లనే చూస్తున్నారు.

చిన్నోడు చూడలేకపోయాడు. ఆ పిల్ల నోట్లోంచి మాట పడ్డప్పుడల్లా అతనికి ఎవరో వేలితో పొడిచినట్టుంది. అందుకని వదినని చూశాడు. ఎంత గర్వం వెలగబెడుతోందో చూద్దామని, కడుపు నిండా మంటతో, ఆమె ముఖం మీద చూపు పాతేశాడు.

వదిన పెదవులు కదులుతున్నాయి.

శబ్దం లేదు. కొద్దిగా, చలికి వణికినట్టు. పిచ్చుక ఏ మాట దగ్గరకొస్తే ఆ మాటకి వదిన పెదవులు ముందే వంకర తిరుగుతున్నాయి. "పడవ" దగ్గర అతుక్కుని విడిపోయాయి. "ఓడ" దగ్గర గుండ్రంగా అయ్యాయి. పిచ్చుక తలెత్తి చూసేది వాటినే. ఇన్నాళ్లూ అద్దాలిచ్చి, నా నోరు చూడు, నా నోరు చూడు అని నేర్పించిన మనిషి, ఆ నోరు పరీక్ష రోజున కూడా పిల్ల ముందు తెరిచి పెట్టుకుని కూర్చుంది. మొదటి శబ్దం ఆ పెదవుల మీద దొరికితే చాలు, మిగతాది ఊహించి అల్లేయడం పిచ్చుకకి కొట్టిన పిండి. ఆ ఊహించడం నేర్చుకున్నది చిన్నోడి దగ్గరే.

అతను కట్టుకున్న చేతులు విప్పి ముందుకొచ్చాడు. సంతోషంతోనే.

"వదినా," అన్నాడు. "నీ పెదవులు కదుపుతున్నావ్."

గదిలో తలలన్నీ తిరిగాయి. అక్క చూసిన చూపు అతను జన్మలో మరిచిపోడు.

"ఏంట్రా నీ ఏడుపు?" అంది. "ఇప్పుడా నీకు?"

వదిన చెయ్యెత్తి తన పెదవులు తాకి చూసుకుంది, అవి తనవేనా కాదా అన్నట్టు. ముఖం పాలిపోయింది. పిచ్చుక వంక చూసి, "నువ్వు నా నోరు చూస్తున్నావా తల్లీ?" అంది.

"ఊ," అంది పిచ్చుక. "నువ్వేగా చూడమన్నావ్."

ఎవరూ నవ్వలేదు. వదిన లేచింది. "పెద్ద టీచరమ్మగారూ, ఇది లెక్కలోకి రాదు. కవరులో ఇంకో పేజీ ఉందన్నారుగా, అది తీయండి. నేను బయటుంటాను." చిన్నోడి వైపు తిరిగింది. "నా కుర్చీలో నువ్వు కూచో."

"నేనెందుకు?"

"నువ్వైతే దానికి సాయం చేయవు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే అతన్ని ఎక్కువ పొడిచింది. వదిన వరండాలోకి వెళ్లి తలుపు తనే మూసుకుంది.

చిన్నోడు పళ్లు బిగించి, పెదవులు లోపలికి మడుచుకుని కూర్చున్నాడు. పిచ్చుక తలెత్తింది. ఎదురుగా ఏమీ లేదు, మామయ్య మూసుకున్న నోరు తప్ప. మళ్లీ పేజీలోకి వంగింది. మొదటి మాట తప్పు చదివింది. అక్క సంచి పట్టీ పుటుక్కున తెగింది. రెండో మాట దగ్గర చాలాసేపు కూర్చుంది. చిన్నోడు ఎదుటి కుర్చీలో కూర్చుని, ఇక అయిపోయింది, నా దగ్గరికొచ్చేస్తుంది అనుకున్నాడు.

అప్పుడు పిచ్చుక వేలు బల్ల మీద ఆనింది. ఒక వేలు, ఇంకో వేలు. శబ్దం వెనక శబ్దం, తర్వాత అన్నీ కలిపి. సరిగ్గా చదివింది. తర్వాతది కూడా. ఆ తర్వాతది తప్పు. నిట్టూర్చి మళ్లీ వెనక్కి వెళ్లి దిద్దుకుంది. ఇందాకటి పరుగు లేదు, రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచే నడక. కొన్ని మాటలు అసలు కదల్లేదు. చెమట పట్టింది పిల్లకి. కింద అర్థంలేని మాటల దగ్గరకొచ్చింది. బొమ్మ లేదు, కథ లేదు, ఊహించడానికి ఆధారం లేదు.

"తొ... బి... లె. తొబిలె," అంది. తలెత్తి, "అంటే ఏంటి మామయ్యా?"

"ఏమీ కాదు," అన్నాడు. "తర్వాతది చదువు."

ఈ పిల్ల తన గదిలో రెండేళ్లు కూర్చుంది. ఒక్కసారి కూడా ఇలా చదవలేదు. ఆ సంగతి ఆ గదిలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పేజీ అయ్యాక అక్క అతని ఎదుటికొచ్చింది. "చెప్పు. చదివిందా లేదా? నువ్వేగా పట్టుకున్నది, నువ్వే చెప్పు. రేపట్నుంచి నీ దగ్గరికి పంపనా?"

లేదు అనొచ్చు. సగం తప్పులే ఉన్నాయి, ఎవరూ కాదనరు. నోటి దాకా వచ్చింది కూడా.

"చదివింది," అన్నాడు. "తప్పులతో చదివింది. కానీ అదే చదివింది." లేచి కుర్చీ వెనక్కి నెట్టాడు. "నా దగ్గరికొద్దు."

వరండాలో వదిన స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలోకి చూడకుండా దాటిపోయాడు.

సాయంత్రం చిన్నోడు ఇంటికి కావాలనే ఆలస్యంగా వచ్చాడు. ట్యూషన్ పిల్లలు గుమ్మంలో ఎదురుచూస్తుంటే ఇవాళ లేదు పొండి అని పంపేశాడు. చుట్టరికం తెగిపోయే గొడవ అవుతుందని సిద్ధపడి వంటింట్లోకి అడుగుపెట్టాడు. అన్నయ్య టీ తాగుతున్నాడు. వదిన బల్ల మీద గోడ చార్టు పరుచుకుని, గీతలన్నిటి మీదా అడ్డంగా కొట్టేస్తోంది. పిచ్చుకదొక్కటే కాదు, పిల్లలందరివీ.

"అన్నీ ఎందుకు కొట్టేస్తున్నావ్?" అన్నాడు ఆగలేక.

"ప్రతి శుక్రవారం ఎదురుగా కూచున్నది నేనేగా. ఇందులో వాళ్ల చదువెంతో, నా మూతెంతో ఎవరికి తెలుసు?"

"అంటే ఇన్ని నెలలూ గాలికి పోయినట్టేనా?"

"పాఠం పోలేదు. ఇవాళ నువ్వే విన్నావుగా. కొలత పోయింది." పెన్ను మూత పెట్టింది. "ఊరందరికీ ఎవరు చూశారు, ఎవరు చూశారని అడిగేదాన్ని. నన్ను ఎవరు చూస్తున్నారో అడగలేదు. నా పిల్లలు చదవాలని నాకెంత ఆశంటే, ఆ ఆశ నా మూతి మీదికి వచ్చేసింది. నాకు తెలియనే లేదు."

ఆమె ఏడవలేదు. పైగా ముఖంలో ఏదో తేటగా ఉంది, దారి తప్పి మళ్లీ రోడ్డెక్కినవాళ్ల ముఖంలా. చిన్నోడికి ఒళ్లు భగ్గుమంది. అంతమంది ముందు పరువు తీశాడు. అయినా ఈమెకి ఏమీ కాలేదు. తనకి మొన్నటి గలిము ఇంకా గొంతులో అడ్డంపడి ఉంది. ఓడిపోవడంలో కూడా తనకన్నా పైచేయే ఆమెది.

"ఆ గదిలో అంతమంది ఉన్నారు," అంది వదిన. "ఒక్కరికీ నా మూతి కనపడలేదు. నీకే ఎందుకు కనపడింది?"

"కనపడింది, అంతే."

"ఎందుకో నేను చెప్పనా?"

"వద్దు."

"దానికంత దాకా ఎందుకు?" అన్నాడు అన్నయ్య టీ గ్లాసు దించి. "వీడికి నువ్వంటే కుళ్లు. వీధి చివర కుక్కకి కూడా తెలుసు ఆ సంగతి."

"అదే నాకు కావాలి," అంది వదిన.

చిన్నోడు తలెత్తాడు. ఆమె వేళాకోళమాడట్లేదు. కొట్టేసిన చార్టు మడిచి పక్కన పెట్టి, ఖాళీ చార్టు ఒకటి బల్ల మీద అతని వైపుకి జరిపింది.

"శుక్రవారం శుక్రవారం వచ్చి నా పిల్లలకి పరీక్ష నువ్వు పెట్టు. మాటలు నువ్వే తయారుచెయ్. నాకు ముందు చూపించకు. నేను గదిలో ఉండను. ఇవాళ కూచున్నట్టే కూచో, నోరు బిగించుకుని. తప్పు చదివితే తప్పే వెయ్, నన్ను చూసి గానీ పిల్లని చూసి గానీ ఒక్క మాట కలపకు. నన్ను మెచ్చుకునేవాళ్లు ఆ పని చేయలేరు. ఎవరినైనా పెడితే వాళ్ల మూతులు కూడా కదులుతాయి. నీది కదలదు."

అతను ఖాళీ చార్టు అంచు గోటితో గీకుతున్నాడు.

"ఇంకొక్కటి," అంది వదిన. "ఈ పిల్లలు నిజంగా చదువుతున్నారో లేదో తేలేదాకా, నా మీద నీకున్న ఆ మంట కొంచెం కూడా చల్లారనివ్వకు."